గేరి అంచున సారా అంగడి: 'ఆపండి' అనే హక్కు ఎవరికుంది?

చరిత్ర పుస్తకాల్లో కోయిలకుంట్ల పేరు ఎక్కువగా ఒక ఖజానా సందర్భంలోనే కనబడుతుంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ప్రభుత్వం ఆయన్ని అదే కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీసింది. పాలెగాడి తవర్జీ గురించి, ఆయన పౌరుషం గురించి చాలా రాసినారు, పాడినారు, 2019లో సినిమా కూడా తీసినారు. ఆ ఖజానాలో పడే డబ్బు ఎవరి నుంచి వచ్చేదనే ప్రశ్నకు మాత్రం ఆ రాతల్లో చోటు తక్కువ. భూమిశిస్తు ఒక భాగం. సారా, కల్లు వంటి వాటి మీద ఆబ్కారీ గుత్త ఇంకో భాగం. శిస్తు కట్టినవాడికి పట్టా ఉంది, చరిత్రలో 'రైతు' అనే పేరుంది. ఆబ్కారీ కట్టినవాడికి ఏ పేరూ లేదు. వాడు పొద్దుగుంకినాక అంగడి ముందర నిలబడి అణా ఇచ్చి పోయిన కూలోడు.

ఈ వ్యాసంలో మేము ఆ రెండో ఆదాయం గురించి మాట్లాడదలచుకున్నాం. తాగుడు మంచిదా చెడ్డదా అనే నీతిచర్చ మాకు వద్దు. ఆ చర్చ ఎప్పుడు జరిగినా చివరికి 'మాల మాదిగోళ్లు తాగి చెడిపోతున్నారు' అనే తీర్పు దగ్గరికే చేరుతుంది. మా ప్రశ్న వేరే. కొత్త అంగడి ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? ఇండ్ల మధ్య అంగడి వస్తా ఉంటే 'కొన్నాళ్లు ఆపండి, మేము మాట్లాడుకోవాల' అని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది? కర్నూలు సీమలో వాడను గేరి అంటారు. మాలగేరి, మాదిగగేరి. ఆ గేరికి అట్లాంటి అధికారం ఎప్పుడైనా ఉండిందా?

గుత్త కాలం

కోయిలకుంట్ల ప్రాంతం 1800లో నిజాం నుంచి కంపెనీకి దత్తమైన జిల్లాల్లో భాగం. మొదట కడప జిల్లాలో ఉండేది. 1858లో కంభం, మార్కాపురం తాలూకాలతో కలిపి కర్నూలు జిల్లాలో చేర్చినారు. ఈ జిల్లా మార్పును పాఠకులు గుర్తుపెట్టుకోవాల. ముందు దాని పని ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో సారా హక్కు వేలంపాటలో పోయేది. ఎవడు ఎక్కువ పాడితే వాడిదే అంగడి. పాట డబ్బు ముందే సర్కారుకు కట్టాల కాబట్టి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి గుత్తేదారు తాగేవాళ్ల దగ్గరికి అంగడిని జరుపుకుంటా పోయినాడు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాటుకు ఒక క్రమం తెచ్చింది. సారా, కల్లుతోపాటు గంజాయి కూడా ఆ చట్టం కిందికి వచ్చింది. గంజాయికి కూడా లైసెన్సు అంగళ్లు ఉండేవంటే ఈ తరం విద్యార్థులకు వింతగా ఉండొచ్చు. బాపట్ల తాలూకాలో సంతరావూరు, దగ్గుబాడు ప్రాంతంలో ప్రభుత్వ అనుమతితో గంజాయి పండించి, అక్కడినుంచి లైసెన్సు అంగళ్లకు పంపేవారు.

గంజాయిని ఏం చేయాలని తేల్చడానికి 1893లో ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అది 1,193 మంది సాక్షులను విచారించింది. 1894లో ఇచ్చిన నివేదికలో పూర్తి నిషేధం అక్కరలేదన్నది. పన్ను వేయండి, లైసెన్సు లేని సాగును ఆపండి, అంగళ్ల సంఖ్యను తగ్గించండి, మనిషి దగ్గర ఎంత ఉండొచ్చో పరిమితి పెట్టండి అని చెప్పింది. అంటే 'ఎన్ని అంగళ్లు, ఎక్కడ' అనేది ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయమని 130 ఏండ్ల కిందటే ఒప్పుకున్నారు. 1905లో వేసిన ఎక్సైజ్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, అంగడి స్థలం విషయంలో స్థానికుల అభిప్రాయం తీసుకోవాలని, పట్టణాల్లో సలహా సంఘాలు పెట్టాలని సూచించింది.

స్థానికులంటే ఎవరు? ఓటు ఆస్తిని బట్టి ఉన్న రోజులవి. మునిసిపల్ సభ్యుడు, పెద్ద రైతు, వ్యాపారి, వకీలు - స్థానికుడంటే వీళ్లే. అభిప్రాయం చెప్పగలిగినవాడు తన ఇంటి ముందర అంగడి వద్దన్నాడు. అంగడి మాయం కాలేదు. అభిప్రాయం అడగని వాళ్ల వైపు జరిగింది. ఊరికి ఎడంగా, కిందవైపు, వాగు పక్క ఉండే గేరి దానికి అనువైన చోటు. అంగడి గేరికి తాగుబోతులను వెతుక్కుంటా రావడం ఒక కారణమైతే, ఊరు దాన్ని బయటికి నెట్టడం రెండో కారణం. చచ్చిన గొడ్డును లాగేసే చోటికే సారా అంగడినీ లాగేసినారు.

జిల్లా గీత

1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం మద్యనిషేధ చట్టం తెచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 1న సేలం జిల్లాలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు విస్తరించినారు. ఆ వరుసలో కర్నూలు లేదు.

ఇప్పుడు 1858 నాటి మార్పును గుర్తుచేసుకుందాం. కోయిలకుంట్ల తాలూకా కడపలోనే ఉండిపోయి ఉంటే 1938లో అక్కడి అంగళ్లు మూతపడేవి. 80 ఏండ్ల కిందట గీసిన ఒక గీత వల్ల మూతపడలేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నిషేధం, కుందేరు వెంబడి పైకొస్తే అంగళ్లు. గీతకు అటుపక్క గేరిలోనూ, ఇటుపక్క గేరిలోనూ ఒకే కులపోళ్లు, ఒకే కూలి, చాలాసార్లు బంధువులు. వాళ్లలో ఒక్కరినైనా అడిగి మూసినారా? అడిగి తెరిచినారా? రెండూ లేవు.

కాంగ్రెసు మంత్రివర్గం 1939లో రాజీనామా చేసినాక, యుద్ధకాలంలో గవర్నరు పాలన ఆ నిషేధాన్ని పక్కనపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చినాక 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా నిషేధం కిందికి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నిషేధం ఎత్తేయాలని ఎస్.వి. రామమూర్తి కమిటీ చెప్పింది. ఆ నివేదిక మీద నడిచిన రాజకీయంలోనే 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం కూలిపోయింది. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం 1969లో పోయింది. అప్పటికే 1968 ఎక్సైజ్ చట్టం సిద్ధంగా ఉంది.

ఈ ముప్పై ఏండ్ల కథలో మాకు ముఖ్యమనిపించేది ఒకటే. మూసినా పైనుంచే, తెరిచినా పైనుంచే. ప్రతి నిషేధమూ తాత్కాలికమే అయింది. కానీ ఆ తాత్కాలికం ఎన్నాళ్లో నిర్ణయించినవాళ్లు అంగడి పక్క కాపురముండేవాళ్లు కారు.

బాబాసాహెబ్ ఏమన్నాడు

నిషేధం అంటే దళితులకు మేలు అనుకునే మిత్రులు ఒక విషయం గమనించాల. డాక్టర్ అంబేద్కర్ నిషేధానికి అనుకూలుడు కాదు. షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ మొదటి సాధారణ ఎన్నికల ప్రణాళికలో, అభివృద్ధికి డబ్బు తెచ్చే మార్గాల్లో ఒకటిగా నిషేధం రద్దును చేర్చినారు. ఎక్సైజు రాబడిని వదులుకొని, ఇంటింటా దొంగసారా కాచే పరిస్థితి తెచ్చి, దానికి పోలీసు ఖర్చు పెట్టే విధానం పేదలకు ఏం ఒరగబెడుతుందనేది ఆయన వాదన. అదే డబ్బు చదువుకు పెట్టొచ్చు కదా అన్నది దాని సారాంశం.

1948 నవంబర్ 24న రాజ్యాంగ సభలో ఇప్పటి 47వ అధికరణం మీద చర్చ జరిగినప్పుడు, ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ లేచి, బియ్యపు కల్లు మా జీవనంలో భాగం, మీ నిషేధం మా మీద రుద్దొద్దన్నాడు. అంబేద్కర్ నిషేధ సవరణను ఒప్పుకుంటూనే, ఇది ఆదేశిక సూత్రమేనని, ఆదివాసీ ప్రాంతాల్లో వాళ్ల మండళ్ల మాట చెల్లే ఏర్పాటు ఉందని గుర్తుచేసినాడు. ఆరో షెడ్యూలులో అది నిజంగానే ఉంది: బట్టీ పెట్టకుండా చేసే కల్లు వంటి వాటిని కట్టడి చేసే చట్టం, జిల్లా మండలి ఒప్పుకుంటేనే అక్కడ చెల్లుతుంది. 1996లో వచ్చిన పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, కట్టడి చేసే అధికారం ఇవ్వాలన్నది.

ఆచరణలో ఆ అధికారం ఎంత అమలైందనేది వేరే వ్యాసం. ఈ దేశంలో ఒక సముదాయం తన ఇండ్ల దగ్గర ఏం అమ్మాలో తానే చెప్పుకోవచ్చనే సూత్రం రాజ్యాంగంలోనే ఉంది. అది ఆదివాసీ సభ దగ్గర ఆగిపోయింది. గేరి దాకా రాలేదు.

దళిత ఉద్యమంలో తాగుడు గురించిన సొంత ఆలోచన కూడా పాతదే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి పెండ్లిండ్లలో, జాతరల్లో తాగుడు మానాలని ఊరూరా చెప్పినారు. వాళ్లు సర్కారును నిషేధం అడగడంతో ఆగలేదు. కులపంచాయతీలో కూర్చొని, మనవాళ్లే మనవాళ్లకు చెప్పే పద్ధతి నడిపినారు. నిర్ణయం గేరిలో జరగాలనేది ఆ పద్ధతిలోనే ఉంది.

1992: పాటను ఆపిన ఆడోళ్లు

1969 తర్వాత సారా మళ్లీ పాటల్లోకి వచ్చింది. రాష్ట్ర ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్లు. 1991-92కి అది 812 కోట్లు. మధ్యలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా సరఫరా చేసింది. ప్యాకెట్టు రావడంతో సారా అంగడి అనే చోటు కూడా అక్కరలేకుండా పోయింది. బస్తాలో పెట్టి కళ్లం కాడికి, కూలి పంచే చోటికి, గేరిలో మంచం కిందికి తెచ్చినారు. మాలో చాలామందిమి చిన్నప్పుడు 'పోయి ఒక ప్యాకెట్టు తీసుకరా పో' అంటే పరుగెత్తినవాళ్లమే. కూలి లెక్కలో ప్యాకెట్టు కూడా కూలే అన్నట్టు నడిచింది.

రాయలసీమలో ఈ సారాకు ఇంకో ముఖం ఉంది. సారా కాంట్రాక్టు అంటే డబ్బు, జీపులు, మనుషులు. ఫ్యాక్షన్ నాయకులు భూమి మీది పెత్తనం నుంచి కాంట్రాక్టుల పెత్తనంలోకి మారిన క్రమాన్ని పౌరహక్కుల ఉద్యమం, ముఖ్యంగా కె. బాలగోపాల్, వివరంగా రాసినారు. గుత్తేదారుడి మనిషే ఫ్యాక్షన్ మనిషి అయినచోట, 'మా గేరి కాడ అంగడి వద్దు' అని ఒక మాదిగ ఆడమనిషి అనడం మామూలు సంగతి కాదు.

అయినా అన్నారు. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరదీపం చదువుల్లో సీతమ్మ కథ పాఠం చదివి, దూబగుంట ఆడవాళ్లు తమ ఊరి అంగడిని మూయించినారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. వీళ్లలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు. నెల్లూరులో వాళ్లు పాటలు జరిగే చోటికి పోయి అడ్డం కూర్చున్నారు. అధికారులు పాటలను మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది.

ఆ వాయిదాలను చరిత్రకారులు గెలుపుకు ముందు మెట్లుగా మాత్రమే చూసినారు. మేము వేరేగా చూడాలంటున్నాం. చట్టం ఇవ్వని ఒక అధికారాన్ని ఆ ఆడవాళ్లు కాళ్లతో, గొంతుతో సంపాదించుకొని వాడినారు. కొత్త పాట వద్దు, కొత్త అంగడి వద్దు, మేము సరే అనేదాకా ఆపండి. స్థానిక ప్రజలు విధించిన తాత్కాలిక నిలుపుదల అంటే అదే. ఊరికి చెందిన మాట అది, రాజధానికి చెందింది కాదు.

ఆ తర్వాత జరిగిందేంది? 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించినారు. ఆనాటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డిది మన కర్నూలు జిల్లానే. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆడవాళ్లు ఊరి స్థాయిలో అడిగిన అధికారాన్ని రాజ్యం తీసుకొని, రాష్ట్ర స్థాయి చట్టంగా మార్చి, తన పేరు పెట్టుకుంది. రాష్ట్ర స్థాయిలో ఇచ్చినదాన్ని రాష్ట్ర స్థాయిలోనే తీసేసుకుంది. ఎత్తేసేటప్పుడు దూబగుంటను అడగలేదు. అంగడిని ఆపే అధికారం ఊరి దగ్గరే చట్టబద్ధంగా ఉండి ఉంటే, 1997లో బ్రాందీ షాపులు తిరిగొచ్చినప్పుడు కనీసం కొన్ని వేల గేరులు 'మా దగ్గర వద్దు' అని ఉండేవి.

వంద మీటర్ల లెక్క

ఇప్పుడు నిబంధనల కాగితం చూద్దాం. 2012 నాటి రాష్ట్ర నిబంధనల ప్రకారం మద్యం షాపు గుడికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్ల దూరంలో ఉండాల. వినడానికి బాగానే ఉంది. అయితే గుడి అంటే ఏ గుడి? దేవాదాయ శాఖలో రిజిస్టరైన గుడి. మసీదైతే వక్ఫ్ బోర్డులో నమోదై ఉండాల. గేరిలో వేపచెట్టు కింద ఉండే పెద్దమ్మ, సుంకులమ్మ, మారెమ్మ ఏ శాఖలో రిజిస్టరైనారు? రేకుల షెడ్డులో నడిచే ప్రార్థనకు ఏ బోర్డు కాగితం ఉంది? ఊరి నడిమధ్య చెన్నకేశవస్వామి చుట్టూ వంద మీటర్లు కొలిస్తే అగ్రవర్ణాల వీధులన్నీ ఆ వలయంలోకి వస్తాయి. మారెమ్మ చుట్టూ టేపు పట్టేవాడు లేడు. నిబంధనలో ఎక్కడా కులం పేరు లేదు. దాని ఫలితానికి మాత్రం కులం ఉంది.

ఇది తప్పనిసరి కాదని పక్క రాష్ట్రాలు చూపించినాయి. కర్ణాటక ఎక్సైజు నిబంధనలు (1967) షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లు ఎక్కువగా కాపురముండే నివాస ప్రాంతంలో మద్యం షాపుకు లైసెన్సు ఇవ్వకూడదని పేరుపెట్టి చెప్పినాయి. కేరళ నిబంధనలు గుడి, బడి, శ్మశానంతోపాటు ఎస్సీ, ఎస్టీ కాలనీలను కూడా దూరం పాటించాల్సిన చోట్లలో చేర్చినాయి. కోయిలకుంట్ల నుంచి బళ్లారి ఎంతో దూరం లేదు. అక్కడ గేరి కాగితం మీదైనా లెక్కలోకొచ్చే చోటు.

కేరళలో ఇంకోటి కూడా ఉండేది. కొత్త మద్యం అంగడి పెట్టాలంటే గ్రామ పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి ఉండాల్సిందే. 2017లో ఆర్డినెన్సుతో ఆ అధికారాన్ని తీసేసినారు. స్థానిక సంస్థకు ఉన్న ఒక్క చిన్న అధికారం కూడా పైవాళ్లకు అడ్డమే అవుతుందనడానికి అది రుజువు.

2017 మన దగ్గర కూడా గుర్తుండాల్సిన ఏడాది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం అమ్మరాదని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న ఊర్ల విషయంలో ఆ దూరాన్ని తర్వాత 220 మీటర్లకు తగ్గించింది. రోడ్డు ప్రమాదాలు తగ్గాలనే ఉద్దేశం మంచిదే. కానీ రోడ్డు మీద నుంచి లేచిన షాపు ఆకాశంలోకి పోదు కదా. ఇండ్ల మధ్యకు వచ్చింది. ఆ వేసవి, ఆ జూలై నెలల్లో రాష్ట్రంలో చాలాచోట్ల ఆడవాళ్లు షాపుల ముందర బైఠాయించినారు. వందేండ్ల కిందట సలహా సంఘం చేసిన పనే మళ్లీ జరిగింది: ఒకచోట అడ్డుకుంటే, అడ్డుకోలేని చోటికి జరిగింది.

ఆ తర్వాతి మార్పులు తొందరగా చెప్పుకోవచ్చు. 2019 అక్టోబరులో ప్రభుత్వమే షాపులు తీసుకొని 4,380 షాపులను 3,500కు తగ్గించింది. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు, 3,396. లాటరీలో ఎవరికి ఏ షాపు వచ్చిందో పత్రికలు రాసినాయి. ఏ షాపు ఏ గేరి పక్క వచ్చిందో రాయలేదు. రెండు ప్రభుత్వాల విధానాలు ఎదురెదురు. గేరిని అడగకపోవడంలో మాత్రం రెండూ ఒకటే.

బయటి దేశంలో నలభై అయిదు రోజులు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2016లో పెద్దవాళ్లకు గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. కానీ ఏ ఊరు వద్దనుకుంటే ఆ ఊరు ఆపుకోవచ్చు. అక్కడి చట్టంలో ఒక పద్ధతి ఉంది. ఒక కొత్త వ్యాపారం ఇండ్ల మధ్యకు వచ్చేస్తుందని అనిపిస్తే, నగర సభలో ఐదింట నాలుగు వంతుల సభ్యులు ఒప్పుకొని 45 రోజులు దాన్ని నిలిపేయొచ్చు. ఆలోచన పూర్తికాకపోతే పొడిగించి మొత్తం రెండేండ్ల దాకా ఆపొచ్చు. చాలా ఊర్లు గంజాయి అంగళ్ల మీద దీన్ని వాడినాయి. ఇది నిషేధం కాదు, జైలు కాదు. ఎక్కడ పెట్టాలో, ఎంత దూరంలో పెట్టాలో తేల్చుకునేదాకా గడువు.

దీన్ని ఆదర్శంగా చూపడం లేదు. అక్కడ కూడా తెల్లోళ్ల శివారు వీధులు వద్దంటే, అంగళ్లు ఫ్యాక్టరీల పక్కన ఉండే పేద, నల్ల, లాటినో బస్తీలకు జరిగినాయనే విమర్శ బలంగానే ఉంది. వద్దనే గొంతు ఉన్నవాడి వీధి మిగులుతుంది. కాబట్టి 'స్థానిక అధికారం' అనే మాట వినబడగానే చప్పట్లు కొట్టక్కర్లేదు. ఎవరి స్థానికం అని అడగాల.

మన దేశంలోనే ఇంకో పద్ధతి ఉంది. మహారాష్ట్రలో ఒక ఊరిలో పావువంతు ఆడవాళ్లు అడిగితే, షాపు ఉండాలా వద్దా అని రహస్య ఓటింగు పెట్టాల. నిలబడిన సీసా ఒక గుర్తు, పడిపోయిన సీసా ఇంకో గుర్తు. సగానికి పైగా పడిన సీసాకు వేస్తే షాపు మూయాల. రాజస్థాన్‌లో కూడా ఇట్లాంటి ఓటింగు నిబంధన ఉంది. ఇవి ఉన్న షాపును మూసేవి. మన దగ్గర కొత్తదాన్ని ఆపేది కూడా లేదు.

గంజాయి చెప్పే రెండో పాఠం

మొత్తానికి నిషేధించేస్తే పోలేదా అనే మిత్రులకు గంజాయి కథ చివరి భాగం చెప్పాల. 1985 నవంబర్ 14న మత్తుమందుల చట్టం అమల్లోకి వచ్చింది. వందేండ్లు లైసెన్సు ఇచ్చి అమ్మిన సరుకు నేరమైంది. అదే ఏడాది జూలైలో, ఆ దగ్గుబాడుకు పక్కనే ఉన్న కారంచేడులో మాదిగలను ఊచకోత కోసినారు. నిందితులను శిక్షించడానికి రాజ్యం ఎన్నేండ్లు నాన్చిందో మనకు తెలుసు. గంజాయి మోసేవాడి విషయంలో అదే రాజ్యం చేతులు చాలా చురుకు. 20 కిలోలకు మించి పట్టుబడితే పదేండ్లకు తక్కువ కాని జైలు. 2022 ఫిబ్రవరిలో విశాఖ ఏజెన్సీ గంజాయి రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టినారు. జైళ్లలో ఉన్నది పెట్టుబడి పెట్టినవాడా, మూట మోసిన ఆదివాసీ, దళిత కుర్రోడా? కోర్టు వరండాలో ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

అందుకే మేము చెప్పేది: రాజ్యం మనకు రెండే దారులు చూపింది. ఒకటి, ఇంటి ముందర అంగడి. రెండు, ఇంట్లోవాడికి జైలు. ఈ రెంటి మధ్య ఒక మూడో చోటు ఉంది. అమ్మకం నేరం కాదు, తాగినవాడు నేరస్తుడు కాడు, కానీ ఎక్కడ అమ్మాలో చెప్పేది పక్కన కాపురముండేవాళ్లు.

ఊరు కాదు, గేరి

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆ అధికారాన్ని గ్రామసభకు ఇస్తే ఏమవుతుంది? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరి గురించి చేసిన హెచ్చరిక మనకు తెలిసిందే. ఊరు ఆయన దృష్టిలో ప్రజాస్వామ్యానికి పునాది కాదు, సంకుచితానికి, కులానికి గూడు. ఫ్యాక్షన్ సర్పంచి పెట్టే గ్రామసభలో తీర్మానం ఎట్లా వస్తుందో కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కరలేదు. ఊరి నడుమ వద్దని తీర్మానం చేసి, 'గేరి కాడ పెట్టుకోండి' అంటారు. 1905 కమిటీ నుంచి 2017 దాకా జరిగింది అదే.

కాబట్టి ఆ హక్కు గేరిదే కావాల. చర్చ కోసం మేము ఇవి ముందుకు పెడుతున్నాం. కొత్త షాపు గానీ, చోటు మార్చే షాపు గానీ గేరికి దగ్గరగా వస్తుంటే, లైసెన్సుకు ముందే గేరిలో, గేరి భాషలో, దండోరా వేసి చెప్పాల. గేరి వార్డు సభ్యురాలు సభ పిలిచి, ఆడవాళ్ల సగం పైగా ఓట్లతో నలభై అయిదు రోజులు ఆపగలగాల. ఆ గడువులో విచారణ గేరిలోనే జరగాల, మండలాఫీసులో కాదు. కర్ణాటక మాదిరి ఎస్సీ నివాస ప్రాంతం అనే మాట మన నిబంధనలో పేరుపెట్టి రావాల. రిజిస్టరు కాని అమ్మవారి గద్దెకు, ప్రార్థన షెడ్డుకు, మన శ్మశానానికి కూడా టేపు పట్టాల. ఒక గేరి ఆపిన షాపు ఇంకో గేరికి జరగకూడదు. ఈ ఏర్పాటు పేరు చెప్పి తాగినవాడి మీద, నాలుగు సీసాలు అమ్ముకునే ముసలమ్మ మీద కేసులు పెట్టకూడదు. బెల్టు షాపుకు సరుకు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడ పట్టుకోవాల.

ఇవి అన్నీ సరైనవేనని మేము అనడం లేదు. నలభై అయిదు రోజులు చాలవనే వాళ్లుంటారు. ఆడవాళ్ల ఓటుకే విలువ ఎందుకనే మగవాళ్లుంటారు. గీత కార్మికులకు 2024లో షాపుల్లో పదోవంతు కేటాయించినారు, మనకూ వాటా అడగాలనే మిత్రులు కూడా ఉన్నారు. ఆ వాటా అడగడం తప్పు కాదు. అయితే షాపులో వాటా ఇద్దరు ముగ్గురికి దొరుకుతుంది. షాపును ఆపే మాట గేరి అందరిదీ. ఏది ముందు అడగాలో గేరుల్లోనే మాట్లాడుకోవాల.

1846 ఖజానా దాడిలో ఎంత డబ్బు పోయిందో కంపెనీ లెక్క రాసి పెట్టుకుంది. ఆ డబ్బు కట్టిన కూలోడి పేరు ఎవరూ రాయలేదు. వాడి మునిమనవరాళ్లు 1992లో పాటలను ఆపినారు. వాళ్లు ఆ పని చేసింది ఏ చట్టం ప్రకారమూ కాదు. ఆ చట్టం రాయించుకునే పని మన తరానిది.